విరగకాసిన కొమ్మ, చిటికె చప్పుడు



ఎవరి పేరిట ఈ ధర్మనిధి ఉపన్యాసం ఏర్పాటైందో ఆ మాస్టారు ఉద్యోగమంతా ఇంగ్లీషు పాఠాలు చెబుతూ గడిపారు. ఒక ఇంగ్లీషు మాటకు సరిపడే తెలుగు దొరికేదాకా మాత్రం ఆయన మనసు కుదుటపడేది కాదు. ఆయన వాడిన నిఘంటువును కుటుంబసభ్యులు నాకు చూపించారు. అంచుల నిండా పెన్సిలు రాతలే. ఒకచోట అంచు చాలక వేరే కాయితం అంటించారు. స్నాప్ అనే చిన్న మాట ఉన్న పేజీ అది. ఆ కాయితం మీద విరుగు, తెగు, కరుచు, కసురు, చిటిక, ఠక్కున, చటుక్కున, పుటుక్కున అని వరసగా రాసి, చివర ఒక ప్రశ్నార్థకం పెట్టారు.

ఒక్క మాటకు ఇన్ని మాటలు ఎందుకు కావలసి వచ్చాయి? మన భాషలో లోటు ఉందా, లేక మన భాష ఆ సంగతిని వేరే వైపు నుంచి చూస్తోందా? ఈ సాయంత్రం దాని గురించే మాట్లాడతాను. జవాబు ఇంగ్లీషులో కన్నా తెలుగులోనే ఎక్కువ దొరుకుతుందని నా నమ్మకం.

ముందు ఆ మాట పుట్టుపూర్వోత్తరాలు చూద్దాం. డచ్చి, లో జర్మన్ భాషల్లో స్నాపెన్ అంటే చటుక్కున కరవడం. 15వ శతాబ్దం చివర ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు ఆ అర్థంతోనే వచ్చింది. కుక్క గాలిలో ఈగను పట్టుకుంటుంది, చేప ఎరను అందుకుంటుంది. నోరు తెరిచి ఉండటం చూస్తాం, మూసుకుని ఉండటం చూస్తాం, మధ్యలో జరిగింది కంటికి ఆనదు. విరగడమనే అర్థం ఆ మాటకు అబ్బింది ఇంకా వందేళ్ళకు పైగా గడిచాకే. జర్మన్లు ఒక్క గుక్కలో దింపే సారాయిని ష్నాప్స్ అంటారే, దానిదీ ఇదే కుదురు.

తర్వాత ఆ కాటు తుపాకీకి వచ్చింది. చెకుముకి రాయిని కరిచి పట్టుకుని ఉక్కు మీద కొట్టే మీటను డచ్చివాళ్ళు స్నాప్‌హాన్ అన్నారు, పొడిచే పుంజు అని. గురి చూసుకునే వ్యవధి లేకుండా, పొదలోంచి పిట్ట లేవగానే పేల్చే దెబ్బ స్నాప్‌షాట్ అయింది. పీటర్ హాకర్ అనే ఇంగ్లీషు సైనికాధికారి వేట గురించి రాస్తూ 1808లో తన దినచర్యలో ఈ మాట వాడాడు. అది తుపాకీ నుంచి కెమెరాకు చేరిన తీరు నాకు చాలా ఇష్టం. అప్పట్లో ఫొటో దిగాలంటే మనిషి తల కదలకుండా వెనక ఇనుప ఊత పెట్టుకుని కూర్చోవాలి. అలాంటి రోజుల్లో, 1860లో, ఖగోళ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ సెకనులో పదోవంతు కాలంలో బొమ్మ పట్టగలిగితే ఎలా ఉంటుందో ఊహించాడు. ఆ ఊహకు పేరు కావలసి వచ్చి వేటగాళ్ళ మాటను తెచ్చుకున్నాడు. పరికరం రాకముందే పేరు వచ్చి కూర్చుంది. 1888లో జార్జ్ ఈస్ట్‌మన్ కొడాక్ కెమెరా తెచ్చాడు. నూరు బొమ్మలకు సరిపడా ఫిల్ము చుట్ట అందులోనే ఉండేది. 1900లో బ్రౌనీ కెమెరా ఒక్క డాలరుకు వచ్చింది. అప్పటికి తుపాకీ సంగతి జనం మరిచిపోయారు. మనకు ఆ మాట కెమెరాతోనే పరిచయమైంది. పెళ్ళిపందిట్లో "ఒక స్నాప్ తీయవయ్యా" అన్న పెదనాన్నకు పిట్టల వేటతో పని లేదు.

ఎన్నికలకు కూడా ఈ మాట తగులుకుంది. బ్రిటన్‌లో అప్పటి ప్రధాని థెరెసా మే 2017 ఏప్రిల్ 18న ఎన్నికలు పెడతానని ప్రకటించారు, జూన్ 8న పోలింగ్ అయిపోయింది. అక్కడి పత్రికలు దాన్ని స్నాప్ ఎన్నిక అన్నాయి. అలిపిరిలో తన మీద దాడి జరిగిన మరుసటి నెల, 2003 నవంబరులో, చంద్రబాబు నాయుడు శాసనసభను రద్దు చేసినప్పుడూ, 2018 సెప్టెంబరు 6న తెలంగాణలో కేసీఆర్ రద్దు చేసినప్పుడూ మన పత్రికలు రాసిన మాట ముందస్తు ఎన్నికలు. ఈ మాట కట్టిన విలేకరి ఎవరో గాని చక్కగా కట్టాడు. 2003 నాటి రద్దు తర్వాత పోలింగ్ 2004 ఏప్రిల్లో గాని జరగలేదు. అందులో హఠాత్తు ఏమీ లేదు, గడువుకు ముందు రావడమే ఉంది. ఇంగ్లీషు మాట ఎన్నిక ఎంత తొందరగా ముగిసిందో చెబుతుంది. మన మాట అది ఏ గడువును దాటుకుని వచ్చిందో చెబుతుంది. ఈ తేడాను కొంచెం మనసులో ఉంచుకోండి.

కాటు, వేట, ఫొటో, ఎన్నిక. ఆలోచన లేకుండా చేసిన తీర్పును, అనుకోకుండా వచ్చి నాలుగు రోజుల్లో పోయే చలిని కూడా ఇంగ్లీషువాళ్ళు ఇదే మాటతో చెబుతారు. ఇన్నిచోట్లకు ఆ మాట మోసుకుపోయింది ఒక్కటే, వ్యవధి లేకపోవడం.

ఇక విరగడం దగ్గరికి వద్దాం. మన దగ్గర అసలు సంపద అక్కడే ఉంది.

తెలుగులో ఏది విరిగిందో తెలియకుండా విరిగిందని చెప్పలేం. కర్ర విరుగుతుంది, తాడు తెగుతుంది, కుండ పగులుతుంది, బట్ట చిరుగుతుంది, కట్టె చీలుతుంది, గాజు చిట్లుతుంది, గుండీ ఊడుతుంది, టైరు పేలుతుంది. చెరువు కట్ట తెగుతుంది, కాలువకు గండి పడుతుంది. తెలంగాణలో కుండ పలిగిందంటారు, మాట కొంచెం మారినా పద్ధతి అదే. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పెరుగుతున్న మన పిల్లలు "తాడు విరిగింది" అంటే అమ్మమ్మలు నవ్వి దిద్దుతారు. ఆ పిల్లలకు మాటలు రాక కాదు. వాళ్ళ తలలో ఉన్న ఇంగ్లీషు క్రియ వస్తువును అడగదు. మన క్రియ ముందు వస్తువును అడుగుతుంది. పొడుగ్గా గట్టిగా ఉందా, పొడుగ్గా మెత్తగా ఉందా, పెళుసా, పలచనా? ఈ ప్రశ్నలన్నిటికీ మూడేళ్ళ పిల్ల వ్యాకరణం చదవకుండానే జవాబు చెప్పుకుంటుంది.

నెదర్లాండ్స్‌లోని నైమేఖెన్ మాక్స్ ప్లాంక్ సంస్థలో భాషాశాస్త్రజ్ఞులు ఈ విషయం మీద గొప్ప పని చేశారు. కోయడం, విరవడం, చింపడం చూపించే 61 చిన్న వీడియోలు తీసి, 28 భాషలవాళ్ళకు చూపించి ఏం జరిగిందో చెప్పమన్నారు. ద్రావిడ భాషల తరఫున అందులో తమిళం ఉంది. ఆసిఫా మజీద్, మెలిస్సా బౌవర్మన్ వంటి పరిశోధకులు 2007, 2008 సంవత్సరాల్లో ఫలితాలు ప్రకటించారు. భాషలు ఎంత దూరమైనా కొన్ని హద్దులు అంతటా కనబడ్డాయి. ఎక్కడ తెగుతుందో ముందే తెలిసిన పని, అంటే కత్తితో కోయడం, ఒక వైపు. ఎక్కడ విడుతుందో తెలియని పని, అంటే విరగ్గొట్టడం, మరో వైపు. చింపడం విడిగా ఒక జాతి. విరగ్గొట్టడంలో మళ్ళీ పుల్లను రెండుగా విరవడం వేరు, కుండను ముక్కలు చేయడం వేరు. మన విరుగు, పగులు, చిరుగు సరిగ్గా ఈ గట్ల మీదే నిలబడ్డాయి.

మరి ఆ హఠాత్తును తెలుగు ఎక్కడ పెట్టుకుంది? క్రియలో పెట్టుకోలేదు, క్రియ ముందు పెట్టుకుంది. పుటుక్కున తెగింది. పటుక్కున కొరికాడు. ఫెళ్ళున విరిగింది. భళ్ళున పగిలింది. పర్రున చిరిగింది. మాస్టారి కాయితం మీద ఉన్న మాటల్లో చివరి మూడూ ఈ జాతివే. ధ్వన్యనుకరణలు అని వ్యాకరణాల్లో పేరు పెట్టి ఒక మూల కూర్చోబెట్టాం గాని, వీటిలో ఎంత కట్టుబాటు ఉందో చెవి పెట్టి వినండి. పుటుక్కు, చిటుక్కు, పటుక్కు, చటుక్కు, చివుక్కు, కలుక్కు: క్కుతో ముగిసేవన్నీ చిన్నవి, ఒక్క దెబ్బతో అయిపోయేవి. ఫెళ్ళు, భళ్ళు, ఘొల్లు, ఝల్లు: వీటిలో చప్పుడు పెద్దది, నాలుగు వైపులకూ పరుచుకుంటుంది. పర్రు, సర్రు, చర్రు, బర్రు: ఇవి రాపిడితో కొంత దూరం సాగుతాయి. దారం భళ్ళున తెగదు, కుండ పర్రున పగలదు. తప్పు వాడినవాణ్ణి ఎవరైనా పట్టుకోగలరు, సూత్రం మాత్రం ఎవరూ చెప్పలేదు.

పైగా ఈ మాటలు చప్పుడుతో ఆగవు. మనసు చివుక్కుమంటుంది, అక్కడ చప్పుడే లేదు. నడుం కలుక్కుమంటుంది. కోపం చర్రున వస్తుంది. అడిగిన ప్రశ్నకు ఠక్కున జవాబు చెబుతాడు. బల్ల మీద డబ్బును చటుక్కున అందుకుంటాడు. భళ్ళున తెల్లవారుతుంది, పగిలిందేమీ లేకపోయినా. ఇంగ్లీషు మాట కాటు నుంచి కెమెరా దాకా నడిచినట్టే ఇవీ చెవి నుంచి మనసు దాకా నడిచాయి. భారతీయ భాషల్లో ఇలాంటి మాటలు కుటుంబ భేదం లేకుండా పంచుకున్న ఉమ్మడి ఆస్తి అని భాషాశాస్త్రజ్ఞుడు ఎమెనో 1969లో ఒక వ్యాసంలో సాక్ష్యాలతో చూపించాడు. ఆ వ్యాసం వచ్చాక కూడా మన తెలుగు ధ్వనిమాటలకు ఒక సమగ్ర కోశం నా కంట పడలేదంటే నాకు బాధగా ఉంటుంది.

ఇప్పుడు కాస్త విజ్ఞానశాస్త్రం వైపు వెళతాను. విరిగేటప్పుడు నిజంగా ఏం జరుగుతుంది?

వండని స్పగెట్టీ పుల్లను రెండు కొసలూ పట్టుకుని మెల్లగా వంచండి. విల్లులా వంగుతుంది, ఇంకా వంగుతుంది, ఫట్టున విరుగుతుంది. చేతుల్లో రెండు ముక్కలుండాలి కదా, మూడో నాలుగో ఉంటాయి. నడిమి ముక్క ఎగిరి ఎక్కడో పడుతుంది. భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ అంతటివాడు దీని మీద తల బద్దలు కొట్టుకున్నాడు. 2005లో పారిస్‌లో బాజిల్ ఓడోలీ, సెబాస్టియన్ నోయ్‌కిర్ష్ కారణం చెప్పారు. మొదటిచోట విరగగానే మిగిలిన సగాలు నిటారుగా సర్దుకోవాలి. ఆ సర్దుబాటు ఒక వంపు అలలా పుల్ల వెంట పరిగెత్తుతుంది. అప్పటికే వంగి ఉన్న చోట ఆ అల వచ్చి చేరేసరికి వంపు మరీ ఎక్కువై అక్కడా విరుగుతుంది. విరగడం వల్ల ఒత్తిడి తగ్గాలి గాని, కొంతసేపు పెరుగుతుందన్నమాట. 2018లో ఎంఐటీలో మరికొందరు ఇంకో మెట్టు ఎక్కారు. పది అంగుళాల పుల్లను ముందు దాదాపు 270 డిగ్రీలు మెలితిప్పి, తర్వాత వంచితే రెండే ముక్కలవుతుందని చూపించారు. దాచుకున్న శక్తిలో కొంత మెలి విప్పుకోవడానికి పోతుంది, రెండోసారి విరవడానికి మిగలదు.

దాచుకున్న శక్తి. ఈ మాట దగ్గర ఆగాలి. ఎ.ఎ. గ్రిఫిత్ అనే ఇంగ్లీషు ఇంజినీరు గాజు పోగుల మీద ప్రయోగాలు చేసి 1921లో అచ్చువేసిన పరిశోధన ఇదే చెప్పింది. గాజులో కంటికి కనిపించని పగులు ముందే ఉంటుంది. లాగుతున్నకొద్దీ గాజులో శక్తి పేరుకుంటుంది. పగులు కొంచెం సాగితే కొత్త అంచులు పుడతాయి, వాటికి శక్తి ఖర్చవుతుంది. పేరుకున్నదాంట్లోంచి విడుదలయ్యేది ఆ ఖర్చును మించిన క్షణం నుంచి పగులు ఆగదు. అంటే విరగడం క్షణంలో జరిగినా దానికి తయారీ ఎంతోసేపటి నుంచి జరుగుతోంది.

చిటిక కూడా అంతే. నడిమి వేలిని బొటనవేలికి నొక్కి పెడతాం. చర్మం రాపిడి దాన్ని జారనివ్వదు. నొక్కినకొద్దీ నరాలు బిగుసుకుంటాయి. ఒక దశలో రాపిడి ఓడిపోయి వేలు జారి అరచేతి అంచును కొడుతుంది. చప్పుడు పుట్టేది వేళ్ళ మధ్య కాదు, ఆ దెబ్బలోంచి. అమెరికాలోని జార్జియా టెక్‌లో సాద్ భామ్లా బృందం 2021లో దీన్ని వేగపు కెమెరాలతో కొలిచింది. వేలు జారి కొట్టడానికి పట్టేది సుమారు 7 మిల్లీసెకన్లు. రెప్ప వేయడానికి 150కి పైగా పడుతుంది. వేళ్ళకు లోహపు తొడుగులు వేసి చూస్తే చిటిక సరిగ్గా పడలేదు. రాపిడి మరీ తక్కువైతే శక్తి నిలవదు, మరీ ఎక్కువైతే వేడిగా పోతుంది. మన చర్మం రెంటికీ మధ్య ఉంది. "చిటికెలో అయిపోతుంది" అని మనమంటాం, ఇంగ్లీషువాళ్ళూ స్నాప్‌తో అదే అంటారు. రెండు భాషలూ చిటిక ముగిసిన క్షణాన్నే చూశాయి. నొక్కి పెట్టిన కాలాన్ని ఎవరూ లెక్కపెట్టలేదు.

లెక్కపెట్టలేదనడం చిటిక వరకే నిజం. విరిగే మాటల్లో తెలుగు లెక్కపెట్టింది. ఈ ఉపన్యాసంలో నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే.

మామిడిచెట్టు విరగకాసింది అంటాం. అంటే ఏమిటి? కొమ్మలు విరిగేంతగా కాసింది. విరిగాయని కాదు, విరిగేంత బరువు ఉందని. మల్లెపొద విరగబూసింది. తిరునాళ్ళకు జనం విరగబడ్డారు. పిల్లలు పగలబడి నవ్వారు. వాడు తెగ మాట్లాడతాడు, ఈ ఏడు తెగ వానలు. విరుగు, పగులు, తెగు అనే మూడు క్రియల నుంచీ విరగ, పగల, తెగ అనే రూపాలు వచ్చి, మూడూ ఒకే అర్థం దగ్గర కలుసుకున్నాయి: చాలా ఎక్కువగా. ఇది కాకతాళీయం అని నేననుకోను. ఒక్క క్రియకు జరిగితే కాకతాళీయం. మూడింటికీ జరిగిందంటే భాష ఆ సంగతిని ఒక వైపు నుంచి చూస్తోందన్నమాట. కొమ్మ విరిగే క్షణం ముందు కొమ్మ మీద ఉన్నదేమిటి? కాపు. తాడు తెగే ముందు తాడులో ఉన్నదేమిటి? లాగుడు. తెలుగువాడి చూపు ఆ నిండుదనం మీద పడింది. ఇంగ్లీషువాడి చూపు ఆ నిండుదనం ఖాళీ అయిన క్షణం మీద పడింది. అందుకే ఆ మాట కెమెరా వైపు పోయింది, మన మాట మామిడిచెట్టు వైపు పోయింది.

ఇంగ్లీషులో నిండుదనాన్ని చెప్పే మాటలు లేవని నా ఉద్దేశం కాదు. సంచి పిగిలేంత నింపడానికి, నవ్వు ఆపుకోలేకపోవడానికి వాళ్ళు బర్స్ట్ వాడతారు. కానీ పుల్ల విరిగే మాటను దానికి వాడరు. మనం పుల్ల విరిగే మాటనే వాడతాం.

తెగు అన్న క్రియ ఇంకా దూరం పోయింది. తెగువ, తెగింపు, తెగించు అన్నీ అందులోంచి వచ్చినవే. ఎన్నాళ్ళో ఓర్చుకున్న మనిషి ఒకనాడు ఓర్చుకోలేకపోతే ఇంగ్లీషులో "షి స్నాప్డ్" అంటారు. ఆ వాక్యంలో ఆమె ఒక వస్తువులా విరిగిపోయింది. అక్కడ ఓటమి ఉంది, కొన్నిసార్లు పిచ్చి కూడా ఉంది. మన ఊళ్ళో అలాంటి మనిషిని చూసి "ఇక తెగించింది" అంటారు. తాడు తెగింది గాని మనిషి తెగలేదు. ఆ తెగినచోటే ధైర్యం మొదలైంది. తెగేదాకా లాగవద్దని పెద్దలు హెచ్చరిస్తారు, తెగించినవాడికి తెడ్డే లింగమని కూడా అంటారు. ఈ రెండు సామెతల మధ్య ఉన్న దూరమంతా ఒక్క క్రియ దాటింది. బేరం తెగడంలో, తగవు తెగడంలో అదే క్రియ తేలిపోవడమనే అర్థం ఇస్తుంది. విరుగు నుంచి వచ్చిన విరుగుడు అంటే విషాన్ని విరిచే మందు. మన భాషలో విరగడం, తెగడం ఎప్పుడూ నష్టమే కానక్కరలేదు.

అనువాదం చేసేవాళ్ళకు ఇక్కడ నిజమైన కష్టం ఉంది. ఇంగ్లీషు నవలలో ఒక పాత్ర స్నాప్ అయింది అని ఉంటుంది. మన అనువాదాల్లో, సినిమా డబ్బింగుల్లో "సహనం కోల్పోయాడు" అని వస్తుంది. అది ఆఫీసు ఉత్తరంలో పనికొచ్చే మాట, ఆ క్షణపు వేడి దానిలో లేదు. ముందు చూడవలసింది ఒకటుంది. అతను ఎవరి మీదనైనా కసిరాడా, లేక లోపల ఏదైనా తెగిందా? ఇంగ్లీషులో రెంటికీ ఒకే మాట. మొదటిదానిలో పాత కుక్క కాటు ఇంకా బతికే ఉంది. మనకూ ఆ కాటు తెలుసు. "ఏమిటలా కరుస్తావు?" అని ఇంట్లో రోజూ వినబడే మాటే. కసిరాడు, కస్సుమన్నాడు, గయ్యిమంది, విసుక్కున్నాడు: వయసును బట్టి, ఎవరు ఎవరిని అన్నారన్నదాన్ని బట్టి ఎంచుకోవచ్చు. గయ్యిమన్నాడు అని మగవాళ్ళ గురించి అంతగా అనరు, అందులో మన సమాజం ఆడవాళ్ళ కోపాన్ని ఎలా చూస్తుందో కూడా ఉంది. రచయిత ఆ మాట వాడేముందు అది ఆలోచించాలి. రెండోదానికి "అతనిలో ఏదో పుటుక్కున తెగింది" అంటే సరిపోతుంది, తెగ్గొట్టుకున్న మనిషి తర్వాత ఏం చేశాడన్నదాన్ని బట్టి "తెగించాడు" అనవచ్చు.

మెటికలు విరవడం గురించి రెండు మాటలు చెప్పి నిఘంటువుల సంగతికి వస్తాను. నాయనమ్మ మనవడి బుగ్గలు నిమిరి, తన కణతలకు వేళ్ళు ఆనించి మెటికలు విరుస్తుంది. ఎన్ని మెటికలు విరిగితే అంత దిష్టి పోయినట్టు. అదే ఆవిడ వీధి తగవులో మెటికలు విరిస్తే శాపనార్థం. ఒకే చప్పుడు, దీవెనగానూ తిట్టుగానూ. విరిగేది మాత్రం ఏమీ లేదు. కీళ్ళ మధ్య ఉన్న ద్రవంలో పీడనం హఠాత్తుగా పడిపోయి వాయువు నిండిన ఖాళీ ఏర్పడుతుంది, చప్పుడు దానితో ముడిపడినదే. 2015లో కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయంలో గ్రెగ్ కావ్‌చుక్ బృందం వేలిని లాగుతూ ఎంఆర్‌ఐ తీసి ఆ ఖాళీ ఏర్పడటాన్ని చూసింది. బుడగ ఏర్పడటం వల్ల చప్పుడా, కూలడం వల్లనా అన్న చర్చ తర్వాత కూడా నడిచింది. ఏదైనా విరిగింది ఎముక కాదు. అయినా "విరవడం" అన్నది మన భాష. ముందు బిగువు, తర్వాత విడుదల ఉంటే చాలు, తెలుగుకు అది విరగడమే.

ఇక నిఘంటువులు. బ్రౌన్ దొర 1850లలో తన నిఘంటువులో పల్లె మాటలకు చోటిచ్చాడు. 1885 నాటి శబ్దరత్నాకరం గాని, 1936లో మొదటి సంపుటం వచ్చిన సూర్యరాయాంధ్ర నిఘంటువు గాని ప్రధానంగా కావ్యప్రయోగాల మీద కట్టిన మేడలు. ఎంతో గొప్పవి. కానీ పుటుక్కున అనే మాట కవి వాడితేనే అందులోకి రావడానికి దారి దొరుకుతుంది. వంటింట్లో రోజూ పలికే మాటకు ఆ దారి కష్టం. వచ్చినచోట కూడా "ధ్వన్యనుకరణము" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే ఏ ధ్వని, దేనిది, ఎంత పెద్దది, దేనికి వాడకూడదు అన్నవి తెలియవు. చదువుకునే పిల్లవాడికి కావలసింది సరిగ్గా అవే.

దీనికి దారి కూడా మన దగ్గరే ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి గారు మాండలిక వృత్తిపదకోశం పని మొదలుపెట్టి 1962లో వ్యవసాయ పదాల సంపుటాన్ని, 1971లో చేనేత పదాల సంపుటాన్ని తెచ్చారు. ఒక్కో వృత్తివాళ్ళ దగ్గరికి జిల్లాల వారీగా వెళ్ళి, వాళ్ళ నోటి నుంచి మాటలు రాసుకున్న పని అది. ధ్వనిమాటలకు అదే పద్ధతి కావాలి. ఇప్పుడు చేతిలో రికార్డరు కూడా ఉంది కాబట్టి మాటతో పాటు ఆ చప్పుడునూ పట్టుకోవచ్చు. చేనేత గుంటలో కూర్చున్న నేతగాడికి పడుగు పోగు తెగడమంటే పని ఆగడం. రెండు కొసలూ వెతికి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పురిపెట్టి అతుకుతాడు. అతను తెగిన పోగును ఒక్క మాటతో చెబుతాడా, నూలు తెగడానికి ఒకటీ పట్టు తెగడానికి ఒకటీ ఉన్నాయా అని అడిగి రాసుకోవాలి. రాయి కొట్టేవాళ్ళ దగ్గర ఉలి దెబ్బకు రాయి నిలువుగా చీలితే ఒక మాట, పెచ్చు లేస్తే ఒక మాట వినబడతాయి. తాటిమట్ట, చెరుకుగడ, గోంగూర కాడ, అప్పడం, ముంత, పెంకు: ఒక్కోదానికీ దాని చప్పుడు, దాని మాట.

ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు చేసేవాళ్ళకు నా మనవి మరొకటి. స్నాప్ లాంటి మాట ఎదురైనప్పుడు ఒక అర్థానికి ఒక తెలుగు మాట అని అంకెలు వేసి పోవద్దు. వస్తువు పక్కన క్రియ, క్రియ ముందు ధ్వనిమాట కలిపి ఇవ్వండి. దారమైతే పుటుక్కున తెగడం, కొమ్మయితే ఫెళ్ళున విరగడం, పుల్లయితే పటుక్కున విరగడం, కుక్కయితే చటుక్కున కరవడం, మనిషి మాటయితే కసరడం, జవాబయితే ఠక్కున చెప్పడం, వేళ్ళయితే చిటిక వేయడం. మాస్టారు అంటించిన కాయితం అసలు ఇదే పని మొదలుపెట్టింది. ఆయన పెట్టిన ప్రశ్నార్థకానికి నాకు తోచిన జవాబు కూడా ఇదే. ఇన్ని మాటలు లోటు వల్ల రాలేదు. మనం వస్తువునూ, దాని మీది బరువునూ, అది విడిన చప్పుడునూ విడివిడిగా పేరు పెట్టి చెప్పుకుంటాం కాబట్టి వచ్చాయి.

ఈ సభలో ఉన్న విద్యార్థులు సేకరణ మొదలుపెట్టాలనుకుంటే కుమ్మరి దగ్గరికి ముందు వెళ్ళండి. కాల్చిన కుండను ఎడమచేత ఎత్తి పట్టుకుని కుడిచేతి వేలి కణుపుతో కొట్టి చూస్తాడు. మంచిదైతే ఖంగుమంటుంది. వెంట్రుకంత నెర్రె ఉంటే మోత చచ్చి పలుకుతుంది. కంటికి ఏ పగులూ కనబడదు, నీళ్ళు పోస్తే గాని తెలియదు. గ్రిఫిత్ గాజులో లెక్కగట్టిన ఆ ముందు పగులును అతను చెవితో కనిపెడతాడు. ఆ రెండో చప్పుడును అతను ఏమంటాడో, పక్క ఊరి కుమ్మరి ఏమంటాడో, గోదావరి జిల్లాలో ఒకటీ పాలమూరులో ఒకటీ అంటారేమో అడిగి, ఊరి పేరు, తేదీ వేసి రాసుకు రండి.